ఇజెప్పో మేస్త్రీ మబ్బు

ఈల వినబడితే మబ్బు దింపడం. ఇజెప్పో మేస్త్రీ గురించి ఒక్క ముక్కలో చెప్పమంటే ఇదే చెప్పాలి. ఈల ఎవరు వేశారు, ఎందుకు వేశారు, రంగం మీద ఆ క్షణాన ఏం జరుగుతోంది అనే విచారణ ఆయనకు ఉండేది కాదు. ఈల వినబడిందా, నాటకశాల అటక మీద నుంచి దూది మబ్బు తాడు వదిలాడా, అంతే. రాజుగారి పడకగదిలో మబ్బు దిగింది. సముద్రం అడుగున నెప్ట్యూన్ దేవుడి కొలువులో దిగింది. ఒకసారి నరకంలో కూడా దిగింది. నరకానికి మబ్బు పట్టడం చూసి, పాపాత్ముల వేషాలు వేసుకుని నూనెలో వేగుతున్నవాళ్ళు సైతం నవ్వు ఆపుకోలేకపోయారు.

ఆయన పూర్వం ఓడల కార్ఖానాలో తెరచాపల పని చేసేవాడు. వెనిస్‌లో ఏ నాటకశాల అటక ఎక్కి చూసినా అలాంటివాళ్ళే కనబడతారు. తెరచాపలు ఎత్తిన చేతులే దేవుళ్ళను దించుతాయి, రాక్షసులను లేపుతాయి. ఓడ మీద తాళ్ళవాళ్ళకు ఈలతోనే సైగ. నాటకశాలలోనూ అదే పద్ధతి పెట్టారు. ఒక ఈలకు మబ్బు దిగాలి, రెండు ఈలలకు పైకి పోవాలి. చిక్కేమిటంటే, పాట నచ్చకపోతే మా జనం వేసేదీ ఈలే. నేల మీద నిలబడి చూసే గొండోలా పడవలవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. మిగతా నాటకశాలల్లో మేస్త్రీలు తమవాళ్ళ ఈల ఏదో, జనం ఈల ఏదో పోల్చుకునేవారు. మా మేస్త్రీ పోల్చుకునేవాడు కాదు.

"మేస్త్రీగారూ, అది జనం ఈలండీ!" అని నేను అటక మీదికి అరిచేవాణ్ణి.

"ఈల ఈలే బాబూ. దాని మీద పేరు రాసుంటుందా?" అని జవాబు వచ్చేది.

చేపల బజారులో ఎవరో కుక్క కోసం ఈల వేస్తే, ఈయన చేతిలో ఉన్న గుడ్ల బుట్ట వదిలేశాడని చెప్పుకునేవారు. ఆయన మనవడి బారసాలనాడు పసివాణ్ణి ఆయన ఎత్తుకున్నంతసేపూ గుమ్మంలో ఒక మనిషిని కాపలా పెట్టి, వీధిలో ఎవరూ ఈల వేయకుండా చూశారనీ అనేవారు. ఈ రెండూ నేను కళ్ళారా చూడలేదు. కానీ ఊళ్ళో అందరికీ చెప్పింది మాత్రం నేనే.

ఇక నా సంగతి. నా పేరు తాదియో బ్రెస్సాన్. ఆ రోజుల్లో ఆ నాటకశాలకు ఒపేరాలు, అంటే పాటల నాటకాలు రాసి, రంగం ముందు హార్ప్సికార్డ్ వాద్యం దగ్గర కూర్చుని వాయించి, నడిపించేవాణ్ణి. ఒపేరా బాగుంటే మర్నాటికల్లా గొండోలావాళ్ళు కాలవల్లో ఆ పాటలు పాడుకుంటూ పోతారు. అంతకు మించిన మెప్పు ఈ ఊళ్ళో లేదు. నా పాట ఎవరైనా పాడతారేమోనని కార్నివాల్ పండగ రోజుల్లో పొద్దున్నే వెళ్ళి వంతెన మీద నిలబడేవాణ్ణి. ఒకే ఒక్కసారి వినబడింది. పరుగెత్తుకుంటూ వెళ్ళి చూస్తే, పడవలో మా మేనమామ.

అందువల్ల నా ఒపేరాలు నిలవకపోవడానికి ఏదో ఒక కారణం కావలసి వచ్చింది. సంగీతం కారణం కావడానికి వీల్లేదు, ఎందుకంటే అది నేను రాసింది. ఆలోచించగా ఆలోచించగా మబ్బు దొరికింది.

నా మొదటి ఒపేరాలోనే మొదలైంది ఈ గొడవ. అందులో మొగుడు వదిలేసిన రాణి ఏడుస్తూ పాడే పాట ఒకటి ఉంది. రాణి వేషం ఒర్సోలమ్మగారిది. ఆవిడకు అప్పటికే యాభై దాటాయి. గొంతులో తీపి తగ్గలేదు గానీ పైస్థాయి స్వరాలు మునుపటిలా పలికేవి కావు. రిహార్సల్‌లోనే ఆవిడ నన్ను అడిగింది.

"తాదియో, ఈ చివరి స్వరం కాస్త కిందికి దించవూ? నాకు అందదు నాయనా."

"అమ్మగారూ, ఈ పాటకు ప్రాణం అంతా ఆ స్వరంలోనే ఉంది."

"దాని ప్రాణం సంగతి సరే. నా ప్రాణం సంగతి చూడు."

నేను చూడలేదు. మొదటి ఆట రోజున ఆవిడ ఆ స్వరం కోసం ఎగబాకింది, అందలేదు, గొంతు జీరపోయింది. నేలవైపు నుంచి ఒక ఈల లేచింది. అది పూర్తి కాకముందే రాణిగారి అంతఃపురంలోకి ఇంత లావు తెల్లని మబ్బు దభీమని దిగి ఆవిణ్ణి కప్పేసింది. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, "ఇజెప్పో! ఇజెప్పో!" అని కేకలు పెట్టారు. కాసేపటికి మబ్బు లేచేసరికి ఒర్సోలమ్మగారు నిబ్బరంగా నిలబడి ఉంది. పాట మిగతా సగం ఎంత హాయిగా పాడిందో చెప్పలేను. తప్పిన స్వరం ఎవరికీ గుర్తు లేదు. ఆట అయ్యాక ఆవిడ అటక నిచ్చెన ఎక్కి మరీ ఆ ముసలాయన నుదుటి మీద ముద్దు పెట్టింది. ఇంత గొప్ప గాయనికి కళ అంటే ఇంత చులకన అయిపోయిందే అని నేను చాలా బాధపడ్డాను.

ఈల పద్ధతి మార్పించాలని నేను చేయని ప్రయత్నం లేదు.

"మేస్త్రీగారూ, ఈలకు బదులు గంట కొడితే?"

"గంటంటే చర్చి గుర్తొస్తుంది బాబూ. మావాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుంటారు. అప్పుడు తాడెవరు పట్టుకుంటారు?"

"పోనీ, కింద నుంచి రుమాలు ఊపితే?"

"మా కళ్ళు తాళ్ళ మీదుండాలి గానీ నీ రుమాలు మీదుంటే దేవుడు ధన్‌మని పడతాడు."

"దీపం చూపిస్తే?"

"అటకంతా గుడ్డా, దూదీ, ఎండు చెక్కా. చూపించు, చూపించు. ఆ ఒక్క ఆటా బ్రహ్మాండంగా ఉంటుంది."

చివరికి ప్రేక్షకులనే మార్చేద్దామని గుమ్మం దగ్గర పెద్ద అక్షరాలతో "ఈలలు వేయరాదు" అని రాసి పెట్టించాను. ఆ రోజు వచ్చినవాళ్ళు బోర్డు చదివి, ఆ బోర్డుకే ఈల వేశారు. లోపల రంగం మీద ఎవరూ లేరు. అయినా మబ్బు దిగింది.

ఇంక లాభం లేదని నాటకశాల యజమాని వెత్తోర్ దొరగారికి ఫిర్యాదు రాశాను. నాలుగు పేజీలు. అందులో 'కళ' అన్న మాట పంతొమ్మిది సార్లు వచ్చింది. ఇంకోసారి పడుతుందేమోనని కూడా చూశాను గానీ కాగితం అయిపోయింది. దొరగారి గది రంగానికి ఎదురుగా, రెండో అంతస్తులో ఉండేది. ఆయన ఇరవై ఏళ్ళుగా ఆ నాటకశాలకు యజమాని. కానీ రంగంవైపు తిరిగి కూర్చున్న రోజు నేను చూడలేదు. ఎప్పుడూ వీపు ఇటు పెట్టి, బావమరిదితో పేకాడుతుండేవాడు. నేను వెళ్ళేసరికి నా ఫిర్యాదు ఆయన మోచేతి కింద ఉంది. దాని మీద వేయించిన చేపల పళ్ళెం ఉంది.

"ఇంత రాస్తే ఎవరు చదువుతారయ్యా? సంగతేంటి?"

"మబ్బు, ప్రభూ."

"ఏ మబ్బు?"

"మన మబ్బే, ప్రభూ. కథలో లేనిచోట దిగిపోతోంది."

"నేనెప్పుడూ చూడలేదే!" అని ఆయన ఆశ్చర్యపోయి, బావమరిది వంక చూశాడు. బావమరిది ముక్క వేసి తల ఊపాడు. "సరే, ఇంకొక్కసారి కథలో లేని మబ్బు దిగితే ఆ ముసలాణ్ణి ఇంటికి పంపించేస్తాను. పో, ఆట చెడుతోంది."

ఆయన అన్న ఆట మా ఆట కాదు, పేకాట. అయినా తీర్పు తీర్పే. డెబ్బై ఏళ్ళవాణ్ణి మళ్ళీ ఓడల కార్ఖానా తీసుకోదు, ఇంకో నాటకశాల తాళ్ళ మీద చెయ్యి వేయనివ్వదు. ఇజెప్పో మేస్త్రీకి ఆ అటక తప్ప వేరే లోకం లేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు జాలి వేసింది. ఆ జాలి నేను ఇంటికి చేరేదాకా ఉంది.

మర్నాడు అటక ఎక్కి కబురు నేనే చెప్పాను. ఆయన మబ్బుకు కొత్త దూది అంటిస్తున్నాడు.

"దొరగారి మాట విన్నారుగా, మేస్త్రీగారూ. ఈసారి మబ్బు దిగిందంటే మీ ఉద్యోగం పోతుంది."

"విన్నాను బాబూ."

"మరి?"

"జనం ఈల వేయకపోతే నేను దింపను. ఆ పని నీ చేతిలోనే ఉంది గదా."

ఈ మాట నాకు పొడుచుకుంది. వెంటనే ఇంటికి పోయి కొత్త ఒపేరా మొదలుపెట్టాను. మబ్బుకు సందు ఇవ్వకూడదన్న ఒక్క పట్టుదలతో, కథానాయకుడైన రాకుమారుణ్ణి ఏడు అంతస్తుల లోతున పాతాళంలో చెరసాలలో పడేశాను. కిటికీ లేదు. సొరంగం లేదు. ఆకాశం అన్న మాట పాటల్లో ఎక్కడా రానివ్వలేదు. మా కవి ఒకచోట 'నీలిగగనం' అని రాస్తే, దగ్గరుండి కొట్టేయించాను.

మొదటి మూడు ఆటలూ ఓ మాదిరిగా నడిచాయి. రాకుమారుడి వేషం గస్పరోది. నాలుగో ఆట రోజు పొద్దున గస్పరో గుల్లచేపలు తిన్నాడు. ఎన్ని తిన్నాడో ఆయనే చెప్పలేకపోయాడు, ఎందుకంటే మధ్యాహ్నానికి ఆయనకు గొంతు లేదు. కార్నివాల్ రోజుల్లో ఆట ఆపితే జనం బల్లలు విరగ్గొడతారు. ఆ పాత్ర మొత్తం ఎవరికి వచ్చు అని అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"నాకు వచ్చు," అన్నాను నేను.

నా గొంతు బాగుంటుందని నాకు చిన్నప్పటినుంచీ నమ్మకం. మా అమ్మ చెప్పింది. ఆవిడకు కుడిచెవి వినబడదు, నేను ఎప్పుడూ అటువైపే కూర్చునేవాణ్ణి.

"తాదియో, నా మాట విని వద్దు నాయనా," అంది ఒర్సోలమ్మగారు.

"అమ్మగారూ, ఈ పాట రాసింది నేను. నాకంటే బాగా ఎవరు పాడతారు?"

"రాయడం వేరురా. వంటవాడు చేపలా ఈదలేడు గదా."

నా బదులు హార్ప్సికార్డ్ దగ్గర రెండో వాద్యగాణ్ణి కూర్చోబెట్టి, గొలుసులు వేసుకుని చెరసాలలో కూలబడ్డాను. తెర లేచింది. వాద్యాలు మొదలయ్యాయి. మొదటి వరస పాడాను, బాగానే ఉందనిపించింది. రెండో వరసకు వచ్చేసరికి తుప్పుపట్టిన తలుపు తీసిన చప్పుడు వినబడింది. ఎవరా అని చూస్తే, నేనే. మూడో వరస మాటలే గుర్తు రాలేదు. నాలుగు వందల మంది నా ఎదుట ఉన్నారు. పాటల పుస్తకం కొన్నవాళ్ళంతా చిన్న మైనపువత్తులు ఎత్తి, నేను పాడుతున్నది ఏ పేజీలో ఉందో వెతుక్కోవడం మొదలుపెట్టారు. పాపం, ఏ పేజీలోనూ లేదు. నేలవైపు గొండోలావాళ్ళు పెదాలు సున్నా చుట్టడం నాకు స్పష్టంగా కనబడింది.

అప్పుడు దిగింది మబ్బు.

ఏడు అంతస్తుల మట్టినీ, రాతినీ చీల్చుకుని, పాతాళంలో నా నెత్తిన వచ్చి వాలింది. అవతల నవ్వులు, చప్పట్లు, "ఇజెప్పో! ఇజెప్పో!" అని కేకలు. ఇవతల నేను. పదేళ్ళుగా ఆ మబ్బును ముందు నుంచే చూశాను. వెనకవైపు చెక్కలు, మేకులు, దేవుళ్ళు కూర్చునే ఒక చిన్న బల్ల. బల్ల మీద మెత్త ఉంది. పక్కన మేకుకు నీళ్ళ బుర్ర వేలాడుతోంది. చిన్న గిన్నెలో తేనె, కోసిన నిమ్మచెక్క. కట్టెకు ఒక రుమాలు కట్టి ఉంది, దానికి ఒర్సోలమ్మగారి బుగ్గల రంగు అంటి ఉంది. దేవుళ్ళకు ఇవన్నీ ఎందుకని నేను అనుకుంటుండగానే, పై అటక నుంచి ఒక తెల్ల గడ్డం తలకిందులుగా వేలాడింది.

"కూర్చో బాబూ. నీళ్ళు తాగు."

తాగాను.

"ఆ నిమ్మచెక్క చప్పరించు. తొందరేం లేదు, వాళ్ళు నన్ను చూసి ఇంకాసేపు నవ్వుతారు. 'గోడలారా, మీకైనా చెవులున్నాయా' అని గదా మూడో వరస? ఆఁ. కొంచెం శ్రుతి తగ్గించి ఎత్తుకో. కింద వాయించేవాళ్ళు నీ వెంట వస్తారులే. నువ్వు రాసింది నీ గొంతుకు ఎక్కువ."

మబ్బు లేచింది. నేను మూడో వరస తగ్గించి ఎత్తుకుని, ఎలాగో గట్టెక్కాను. ఎవరూ ఈల వేయలేదు.

అక్కడే నాకు చురుక్కుమంది. ఎవరూ ఈల వేయలేదు! పాట చివర కాదు, మబ్బు దిగకముందు కూడా వేయలేదు. గొలుసులతోనే నిచ్చెన ఎక్కాను.

"మేస్త్రీగారూ, ఈల ఎవరు వేశారు?"

"జనం."

"వేయలేదు. నేను అక్కడే ఉన్నాను."

"వేయబోయారు."

"వేయబోతే దింపేస్తారా?"

"వేసేదాకా ఆగితే ఏం లాభం బాబూ? అప్పటికి తగలాల్సిన దెబ్బ తగిలిపోతుంది," అన్నాడాయన తాడు చుట్టుకుంటూ. "ఎలాగూ నవ్వేవాళ్ళు నవ్వుతారు. పాడేవాళ్ళను చూసి నవ్వితే మర్నాడు వాళ్ళకు గొంతు రాదు. నన్ను చూసి నవ్వితే నాకేం పోతుంది? నేనేమైనా పాడాలా?"

కిందికి దిగి ఒర్సోలమ్మగారిని పట్టుకున్నాను. "అమ్మగారూ, ఈ సంగతి మీకు తెలుసా?"

"ఏ సంగతి?"

"మేస్త్రీగారు కావాలనే..."

"పదేళ్ళనుంచి ఇక్కడ ఉన్నావు. నీకు తెలీదా?"

నాటకశాల మొత్తానికి తెలుసు. మాటలు అందించేవాడికి తెలుసు. మైనపువత్తులు అమ్మే అమ్మాయికి తెలుసు. ఆ అమ్మాయి కూడా నా వంక జాలిగా చూసింది. చెవులే పెట్టుబడిగా బతుకుతున్న నాకొక్కడికే తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోదామనుకున్నాను. కానీ అంతకంటే తొందర పని ఒకటి ఉంది. కథలో లేని మబ్బు దిగింది, బావమరిది చూశాడు, దొరగారి నుంచి పిలుపు వచ్చింది. ఆ ముసలాయన నా కోసం ఉద్యోగం పోగొట్టుకోబోతున్నాడు. దానికి మూలమైన ఫిర్యాదు రాసింది నేను.

హార్ప్సికార్డ్ దగ్గరికి పరుగెత్తి, నా స్వరపుస్తకం తెరిచి, ఆ పాట పక్కన "ఇక్కడ మబ్బు దిగును" అని రాసి, అలాగే పట్టుకుని మేడ మీదికి పోయాను.

"ప్రభూ, పొరపాటు. ఆ మబ్బు కథలోదే."

దొరగారు పుస్తకం అందుకున్నాడు. ఆయన తెల్ల లేసు చేతిపట్టీకి ఇంత మేర నల్లగా అంటింది.

"ఇది ఎప్పుడు రాశావు?"

"వేసవిలో, ప్రభూ."

"వేసవిలో రాసిన సిరా ఇంకా ఆరలేదా?"

"మన ఊళ్ళో తేమ ఎక్కువ గదా, ప్రభూ."

ఆయన బావమరిది వంక చూశాడు. తేమ సంగతి నిజమేనని బావమరిది ఒప్పుకున్నాడు.

"చెరసాలలోకి మబ్బు ఎందుకు వచ్చినట్టు?"

"ఖైదీ మొర విని వీనస్ దేవత వచ్చింది, ప్రభూ."

"వీనస్ ఎక్కడ? మా బావమరిదికి కనబడలేదే!"

"మబ్బు లోపల ఉంది, ప్రభూ. ఆవిడకు సిగ్గు ఎక్కువ."

దొరగారు పుస్తకం నాకు తిరిగి ఇచ్చేశాడు. "సరే. రేపు నేను స్వయంగా చూస్తాను. ఇదే పాటలో, ఇదే చోట మబ్బు దిగాలి. దిగకపోతే నువ్వూ ఆ ముసలాడూ ఇద్దరూ ఇంటికే."

మర్నాడూ గస్పరోకు గొంతు రాలేదు. మళ్ళీ నేనే. ఈసారి పాట గురించి నాకు దిగులే లేదు. ఎంత ఘోరంగా పాడితే అంత మంచిది, మబ్బు అంత తొందరగా దిగుతుంది. అయినా జాగ్రత్త కోసం మేస్త్రీకి నాలుగుసార్లు చెప్పాను.

"'గోడలారా' అనగానే దింపెయ్యండి. ఒర్సోలమ్మగారు రంగం పక్క తెర చాటు నుంచి ఈల కూడా వేస్తారు. మన ఇద్దరి బతుకూ దీని మీదే ఉంది. దింపుతారుగా?"

"చూద్దాంలే బాబూ," అన్నాడాయన.

తెర లేచింది. అలాంటి ఏడుపుపాటల్లో కింద వాద్యాల్లో నాలుగే స్వరాలు మెట్లు దిగినట్టు దిగుతుంటాయి, అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి దిగుతాయి. అవి దిగుతున్నంతసేపూ పైన పాడే మనిషి ఏడుస్తూనే ఉండొచ్చు. నిన్నటి అలవాటు కొద్దీ శ్రుతి తగ్గించే ఎత్తుకున్నాను. "గోడలారా, మీకైనా చెవులున్నాయా" అని పాడి పైకి చూశాను. మబ్బు రాలేదు. వాద్యాలు నాలుగు మెట్లూ దిగి మళ్ళీ పైకి వచ్చాయి. మళ్ళీ పాడాను. రాలేదు. పక్కనుంచి ఒర్సోలమ్మగారు ఈల వేసింది. ఈల వినబడితే నరకంలో సైతం మబ్బు దింపిన మనిషి, ఈసారి ఇసుమంతైనా కదలలేదు.

గొలుసులు రెండు చేతులా ఎత్తి, అటక వంక చూస్తూ మూడోసారి పాడాను. నాలుగోసారి బతిమాలుతూ పాడాను. ఐదోసారి నా గొంతు వణికింది, అది నటన కాదు. జనాన్ని మరిచిపోయాను, స్వరాన్ని మరిచిపోయాను, పైన ఉన్న ఆ ఒక్క ముసలాయనను ఉద్దేశించి, చెవులున్నాయా, చెవులున్నాయా అని తొమ్మిదిసార్లు పాడాను. పాతాళంలో పడి ఉన్న ఖైదీ, కనబడని దేవుడికి మొరపెట్టుకుంటున్నాడని అనుకున్నారు జనం. గొండోలావాళ్ళలో ఒకడు బొటబొటా ఏడుస్తూ పక్కవాడి చొక్కాకు ముక్కు తుడుచుకున్నాడు. పాట ఆగాక పైకప్పు లేచిపోయేలా చప్పట్లు.

కానీ మబ్బు దిగలేదు. మా ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. అలాగే మేడ ఎక్కి దొరగారి గది తలుపు తోశాను. ఆయన వీపు ఇటే ఉంది. బావమరిది ముక్కలు పంచుతున్నాడు.

"ఏంటయ్యా ఆ చప్పట్లు? మబ్బేనా?"

నేను నోరు తెరిచాను.

"చూశాను, చూశాను," అన్నాడు దొరగారు వెనక్కి తిరగకుండానే. "ఎంత అందమైన మబ్బు! ఇలాంటిది మన నాటకశాలలో ఇంతవరకూ దిగలేదు. ఆ ముసలాణ్ణి కదపొద్దు. ఏం బావా?"

బావమరిది కూడా చూశానన్నాడు. నిన్నటికంటే ఇవాళ ఇంకా తెల్లగా ఉందన్నాడు.

మేడ దిగి, రంగం దాటి, నిచ్చెన ఎలా ఎక్కానో నాకే తెలియదు. ఇజెప్పో మేస్త్రీ తాళ్ళ చుట్ట మీద కూర్చుని, ఒళ్ళో పొట్లం విప్పుకుని కార్నివాల్‌కు చేసే ఫ్రిటోలెలు అనే తీపి బూరెలు తింటున్నాడు. వేళ్ళ నిండా చక్కెర.

"మీకు మతి ఉందా, మేస్త్రీగారూ? ఉద్యోగం పోయేది! మీదీ, నాదీ! తొమ్మిదిసార్లు పాడాను! ఎందుకు దింపలేదు?"

ఆయన నా వంక వింతగా చూశాడు. చిన్నపిల్లాడికైనా తెలిసే విషయం అడిగినట్టు చూశాడు.

"పాట బాగుంది గదా బాబూ. బాగున్నప్పుడు మబ్బెందుకు అడ్డం?"

అలా అని పొట్లం నా వైపు జరిపాడు. నా సంగీతాన్ని జన్మలో ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి, మా మేనమామను లెక్కలోకి తీసుకోకపోతే. ఆ నిచ్చెన పైమెట్టు మీదే కూలబడి హాయిగా ఏడ్చేవాణ్ణి. ఏడవనిస్తేనా, కింద ఒర్సోలమ్మగారు ఇంకా ఈలలు వేస్తూనే ఉంది.